గోడకు కొట్టిన వెలుగు

మా అత్తవారి ఊరు అత్వెల్లి. మేడ్చల్ దాటగానే, నాగపూరు వెళ్ళే పెద్ద రోడ్డు మీద వస్తుంది. ఊరి పేరులోనే సగం అత్త ఉందని పెళ్ళయిన కొత్తలో మా అక్కలు నన్ను తెగ ఏడిపించేవారు. నిజం చెప్పొద్దూ, ఆ ఊళ్ళో నన్ను ఏడిపించిన మనిషి ఒక్కరూ లేరు. ఏడిపించిందల్లా ఒక ఫొటో. అది మా మామగారిది.

దాని సంగతి చెప్పాలంటే ముందు మా పెళ్ళి ఫొటోల సంగతి చెప్పాలి.

1983 మే నెలలో మా పెళ్ళయింది. ఫొటోలు తీసినాయన పేరు చెప్పను. మర్యాదస్తుడు, పురోహితుడికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. భుజాన బ్యాటరీ పెట్టె, చేతిలో కెమెరా, కెమెరా పక్కన చిన్న గిన్నెంత ఫ్లాషు. "ఇటు చూడండమ్మా" అనడం, మొహం మీద ఫెళ్ళున మెరుపు. ఆ తరవాత కాసేపు పెళ్ళికొడుకు ఎవరో, పురోహితుడు ఎవరో తెలియదు. కళ్ళముందు పచ్చగా, ఊదాగా బంతులు తిరుగుతాయి. తలంబ్రాలు ఎవరి నెత్తిన పోశానో ఈనాటికీ గట్టిగా చెప్పలేను.

నెల తరవాత ఆల్బం వచ్చింది. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగాం. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ సున్నం తొట్టిలో మునిగి లేచినట్టుంది. వెనక వరసలో నిలబడ్డ పిన్నులూ పెద్దమ్మలూ చీకట్లో కలిసిపోయారు. వాళ్ళు పెళ్ళికి వచ్చారనడానికి ముక్కుపుడకల తళుకులే సాక్ష్యం. ప్రతి మనిషి వెనకా గోడ మీద నల్లగా ఇంకో మనిషి. నా ముక్కు మీద చమట నూనెదీపంలా వెలుగుతోంది. మా వారి కళ్ళు రెండూ కుంకుమబొట్లంత ఎర్రగా ఉన్నాయి. "మీ ఆయనకు కోపం ఎక్కువా?" అని ఆల్బం చూసిన ప్రతివాళ్ళూ అడిగేవారు. ఆయన జన్మలో ఎవరినీ పన్నెత్తి మాట అనలేదు.

ఇవన్నీ నవ్వుకోదగ్గ సంగతులే. మా మామగారి సంగతి అలా కాదు.

ఆయనకు దళసరి అద్దాల కళ్ళజోడు ఉండేది. ఫొటో అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. కొడుకు పెళ్ళి గనక తప్పక మూడు ఫొటోల్లో నిలబడ్డారు. మూడింటిలోనూ కళ్ళుండవలసిన చోట రెండు తెల్లటి రూపాయి బిళ్ళలున్నాయి. ఫ్లాషు వెలుగు తిన్నగా పోయి అద్దాలకు తగిలి తిన్నగా తిరిగొచ్చింది. అప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు. మనిషి ఎదురుగా ఉన్నారు, ఫొటో ఎవరికి కావాలి?

1991లో ఆయన పోయారు. గోడకు పెట్టడానికి ఫొటో కావలసి వచ్చినప్పుడు ఆ మూడే మిగిలాయి. వాటిలో ఒకటి పెద్దది చేయించమని స్టూడియోలో ఇచ్చాం. ఆ స్టూడియో అతను చాలా ఉత్సాహవంతుడు. "కళ్ళు కనపడటం లేదు సార్, నేను వేసేస్తా" అని కుంచె పట్టి చక్కగా కళ్ళు దిద్ది ఇచ్చాడు. సినిమా హీరో కళ్ళలా సోగగా ఉన్నాయి. అత్తమ్మ ఆ ఫొటోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవలి కండ్లు బిడ్డా ఇవి?" అంది.

ఎవరం మాట్లాడలేదు. మర్నాడు మా వారు మళ్ళీ వెళ్ళి, కళ్ళు దిద్దని ఫొటోయే పెద్దది చేయించి తెచ్చారు. అదే ఇప్పటికీ గోడ మీద ఉంది. ఏటా పెత్రమాస నాడు దాన్ని దించి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తాం. ఆయన పేరున బియ్యం ఇస్తాం. తుడిచే పని ఎప్పుడూ అత్తమ్మదే. కొంగుతో ఆ రెండు తెల్ల బిళ్ళల దగ్గర కాస్త ఎక్కువసేపు రుద్దుతుంది, మరక అయితే పోతుందేమో అన్నట్టు. ఒకసారి నాతో అంది కూడా – "ఎట్లుండెనో గా కండ్లు, నేనే మరుస్తున్న" అని. మా పిల్లలకైతే తాతగారంటే అద్దాల వెనక ఎవరూ లేని మనిషి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు అత్తమ్మకు ఎనభై ఆరేళ్ళు. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషనయింది. ఆవిడా కళ్ళజోడు పెట్టుకుంటుంది. ఆవిడకూ ఒక్క మంచి ఫొటో లేదు.

"ఒక మంచి ఫొటో తీసి పెట్టుకోండి" అని వచ్చిన చుట్టాలందరూ మెల్లగా చెబుతుంటారు. ఎందుకో వాళ్ళు చెప్పరు, మేమూ అడగం. అత్తమ్మ మాత్రం అడిగేస్తుంది. "ఎందుకో నాకెరుక లేదా? గోడకెక్కనీకె కదా!" అంటుంది. మనవలు సెల్‌ఫోను ఎత్తి పట్టగానే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. "గా మెరుపు నా మొకం మీద కొట్టకుండ్రి. ఉన్న చూపు గూడ పోతది." డాక్టరుగారు అలాంటిదేమీ లేదని చెప్పినా వినదు. అసలు భయం చూపు పోతుందని కాదని నాకు తెలుసు. ఆ రెండు తెల్ల బిళ్ళలు ఆవిడ మొహం మీదికి రాకూడదు. అంతే.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. దానికి ఫొటోల పిచ్చి. ఎవరో అమ్ముతుంటే పాత కెమెరా, దానితోపాటు ఒక ఫ్లాషూ కొనుక్కుంది. మొన్న పెత్రమాసకు రెండూ సంచిలో వేసుకుని అత్వెల్లి వచ్చింది. మా పెళ్ళినాటి ఫ్లాషుకూ దీనికీ ఒకటే తేడా. దీనికి మెడ ఉంది. పైకి తిరుగుతుంది, పక్కలకు తిరుగుతుంది, వెనక్కీ తిరుగుతుంది. మా వారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేమిటే, మొహం వాచినట్టు అటు తిప్పుకుంటుంది?" అన్నారు.

"అదే దాని గొప్ప నాన్నా. మనిషి మొహాన కొట్టక్కర్లేదు. గోడకు కొడితే చాలు" అంది.

గోడకు కొట్టిన బంతి మన దగ్గరకే వస్తుందని తెలుసు గానీ, వెలుగు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. వంటింట్లో చపాతీలు చేస్తున్నాను. అక్కడికే వచ్చి కూర్చుని, అప్పడాల కర్ర నా చేతిలోంచి లాక్కుని పాఠం మొదలుపెట్టింది.

ఒక పిండిముద్ద తీసుకుని చిన్నగా ఒత్తింది. మందంగా ఉంది. అదే ముద్దను వెడల్పు రెండింతలయ్యేదాకా ఒత్తింది. "మందం ఎంత తగ్గిందమ్మా?" అంది. సగం అన్నాను. కాదుట, నాలుగోవంతుట! చూస్తే నిజమే, అటూ రెండింతలు, ఇటూ రెండింతలు పరుచుకుంది కదా. వెలుగూ అంతే. ఫ్లాషుకు రెండింతల దూరంలో ఉన్నవాడికి అందేది నాలుగోవంతు వెలుగు. మూడింతల దూరంలో ఉన్నవాడికి తొమ్మిదో వంతు. నలభై ఏళ్ళుగా నాకు అర్థంకాని సంగతి ఒక చపాతీతో తేలిపోయింది. మా అమ్మకు పిండంతా దక్కింది, పిన్నులకు పొరే దక్కింది. అదే వెలుగును పైకప్పుకు కొడితే అది అక్కడ పరుచుకుని అందరి నెత్తినా ఇంచుమించు ఒకే దూరం నుంచి దిగుతుంది. పంక్తిలో ఎవరికీ తక్కువ రాదు.

ఎర్రకళ్ళ రహస్యమూ చెప్పింది. చీకటిగా ఉన్నచోట కంటిపాప పెద్దదవుతుంది. కెమెరా కన్ను పక్కనే ఉన్న ఫ్లాషు వెలుగు ఆ తలుపులోంచి తిన్నగా లోపలికి పోయి, వెనకనున్న నెత్తురు నాళాల రంగు పట్టుకుని వచ్చిన దారినే తిరిగొస్తుంది. వెలుగు ఇంకో వైపునుంచి వచ్చిందా, అది తిరిగిపోయే దారిలో కెమెరా ఉండదు. మా వారి కోపం అలా వదిలింది, పాపం, ఇన్నేళ్ళకు.

"మరి మామయ్యగారి కళ్ళజోడు?" అన్నాను.

"క్యారమ్స్ ఆడావు కదమ్మా. స్ట్రైకర్ అంచుకు ఏ వాలున తగిలితే ఆ వాలునే అవతలికి పోతుంది. తిన్నగా కొడితే తిన్నగా నీ చేతికే వస్తుంది. తాతకు తిన్నగా కొట్టారు."

అది చెప్పిన తీరుకు నాకు కాస్త కోపం వచ్చింది. ఇంత చిన్న సంగతా? ఆ పెళ్ళిలో ఎవరైనా, ఒక్క అడుగు పక్కకు జరగండి అంటే పోయేదా? కానీ ఎవరిని అంటాం? ఆ కాలంలో అలాగే తీసేవారు. ఫ్లాషు అంటూ ఉండటమే గొప్ప. 1887లో జర్మనీలో మెగ్నీషియం పొడిలో మందు కలిపి తగలబెట్టి రాత్రిపూట ఫొటోలు తీయడం మొదలుపెట్టారట. అది భగ్గుమంటే గదంతా పొగ, ఒక్కోసారి తీసేవాడి చేతులు కాలేవి. తరవాత ఒకసారి వెలిగి మాడిపోయే బల్బులు వచ్చాయి. మా చిన్నప్పుడు ఎవరి పెళ్ళిలోనో కాలిపోయిన ఆ బల్బుల కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఆ తరవాత ఈ కరెంటు మెరుపు.

అసలు ఆ మెరుపులేమీ లేని రోజుల్లోనే ఫొటోలు బాగుండేవేమో అనిపిస్తుంది నాకు. రాజా దీన్‌దయాళ్ అని మన హైదరాబాదులో ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరు ఉండేవారు. నిజాము ఆయనకు 1894లో ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చారు. ఆయన తీసిన బొమ్మల్లో మనుషుల మొహాల మీద వెలుగు పన్నీరు జల్లినట్టు ఉంటుంది. ఆ కాలపు స్టూడియోలకు కప్పులో అద్దాలుండేవి. వాటికింద తెల్లటి తెరలు కట్టి, జరిపి, ఆకాశం వెలుగునే కావలసినంత దించుకునేవారు. ఆయన 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టారు. ఘోషా స్త్రీలు మగవాడి ఎదుట కూర్చోరు కదా, అందుకని కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు దొరసానిని దానికి పెద్దగా పెట్టారు. నూటముప్పై ఏళ్ళ కిందటే, ఆడది మొహం చాటేస్తుంటే బలవంతంగా తీయకూడదని, ఆవిడకు బెరుకు లేని చోటు చూపించాలని ఒకాయనకు తోచింది! మన ఫంక్షన్ హాళ్ళలో వీడియో దీపం పట్టుకుని భోజనాల బల్లదాకా వచ్చి, నోట్లో ముద్ద ఉండగా తీసేవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

సరే, మళ్ళీ అత్వెల్లికి వస్తాను.

మా ఇంట్లో గదులు రెండు రకాలు. ముందువైపు స్లాబు వేసిన కొత్తగది, వెనక మామగారు కట్టించిన గూనపెంకుల ఇల్లు. తెల్లగా కప్పున్నది కొత్తగదికే గనక అత్తమ్మను అక్కడ కూర్చోబెట్టాలని మా అమ్మాయి ఎత్తు. ముందు నామీద ప్రయోగం చేసింది. ఫ్లాషును పక్క గోడకు తిప్పి కొట్టింది. కెమెరా వెనక చూస్తే నేను పచ్చకామెర్ల మనిషిలా ఉన్నాను. ఆ గోడలకు మా మరిది ముచ్చటపడి వేయించిన చిలకాకుపచ్చ రంగు. గోడ ఏ రంగైతే వెలుగుకూ అదే రంగట. పసుపు చేత్తో ముట్టుకున్న గిన్నెకు పసుపు అంటదూ, అలాగ. తరవాత కప్పుకు కొట్టింది. రంగు బాగుంది. కానీ వెలుగు నిట్టనిలువునా నెత్తిన పడి కళ్ళు రెండూ గుంటలయ్యాయి. వయసు మీదపడి కళ్ళు లోతుకు పోయిన అత్తమ్మకైతే ఇంకేముంది? దానికీ ఉపాయం ఉందంటూ పాత శుభలేఖ ఒకటి తెమ్మంది. దాని తెల్లటి వెనకవైపు ముందుకు వచ్చేలా ఫ్లాషు తలకాయకు రబ్బరుబ్యాండుతో కట్టింది. వెలుగులో ఎక్కువభాగం కప్పుకు పోతుంది, పిసరంత ఆ అట్టకు తగిలి ముందుకు వస్తుంది. ఆ పిసరే కంట్లో చిన్న చుక్కై మెరుస్తుందిట. నిజమే, మెరిసింది. మనిషికి ప్రాణం వచ్చింది. ఎవరి పెళ్ళి శుభలేఖో గానీ, ఇన్నాళ్ళకు నా కళ్ళకు పనికొచ్చింది.

మా వారు ఊరుకుంటారా? "ఇంత గొడవెందుకే, చేతిరుమాలు కడితే సరి. గుడ్డలో వడకట్టినట్టు వెలుగు మెత్తబడుతుంది" అని తన రుమాలు ఫ్లాషు మొహానికి చుట్టారు. వాకిట్లోకి వెళ్ళి తీసి చూస్తే వెలుగు తగ్గింది గానీ నీడ పదును తగ్గలేదు. తండ్రీకూతుళ్ళు కాసేపు వాదించుకున్నారు. చివరికి నాకు అర్థమైనదేమిటంటే, వెలుగు మెత్తబడటానికి కావలసింది గుడ్డ కాదు, వెడల్పు. అగ్గిపెట్టెంత దీపానికి అగ్గిపెట్టెంత గుడ్డ కడితే దీపం అగ్గిపెట్టెంతే ఉంటుంది. అదే నాలుగు గోడల మధ్యనైతే రుమాలు వెలుగును అన్ని పక్కలకూ చెదరగొడుతుంది, ఆ గోడలన్నీ తలా కాస్త తిరిగిస్తాయి, అప్పుడు ఎంతోకొంత గుణం కనిపిస్తుంది. ఆరుబయట తిరిగిచ్చేవాళ్ళెవరు?

నేనూ నా తెలివి చూపిద్దామని, "వెన్నెల కూడా ఇలాంటిదేనా? సూర్యుడి వెలుగు చంద్రుడికి తగిలి వస్తుంది గనకే అంత చల్లగా ఉంటుంది" అన్నాను. తగిలి రావడం నిజమే గానీ, పున్నమినాడు నీ నీడ చూసుకో, ఎండలో ఎంత పదునుగా ఉంటుందో అంతే ఉంటుంది అంది. చంద్రుడు అంత దూరాన మనకు కనిపించేది రూపాయి బిళ్ళంతే కదా! మబ్బు పట్టిన పగలు చూడమంది. అప్పుడు ఆకాశమంతా ఒక్కటే దీపం. అలాంటి రోజున వడియాలు ఎండవు గానీ ఫొటోలు మాత్రం దివ్యంగా వస్తాయిట. పగటిపూట దర్వాజా దగ్గర నీడలో కూర్చోబెట్టి తీస్తే దానికి మించిన వెలుగు లేదని, సూర్యుడు లేనప్పుడే ఈ తిప్పలన్నీ అని అదే ఒప్పుకుంది. కానీ పగలంతా ఇంట్లో పెద్దలకు పెట్టుకునే పని. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి పేర్చి, గుడి దగ్గర ఆడి, ఇంటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. తెల్లవారుజామునే దాని ప్రయాణం.

అత్తమ్మ కొత్తగదిలోకి రానంది. మోకాళ్ళ నొప్పులు. అవి లేకున్నా రాదు. ఆవిడ చోటు వెనక ఇంట్లో మామగారి కుర్చీ పక్కనున్న పీట. అక్కడ పైన పెంకులు, పొగచూరిన దూలాలు. ఫ్లాషు పైకి కొడితే ఒక్క రవ్వ కూడా తిరిగి రాలేదు. దూలాలే మింగేశాయి. గోడలు దూరం, పైగా పాతికేళ్ళ మసి.

"తెల్లటి బట్ట ఏదైనా పెద్దది కావాలమ్మా. దండెం మీద వేస్తే అదే గోడ" అంది మా అమ్మాయి. ఇల్లంతా వెతికాను. ఈ రోజుల్లో తెల్లదుప్పటి ఎవరింట్లో ఉంది చెప్పండి? అన్నీ పూలూ చిలకలూ. ఒకదాని మీద ఏనుగులు కూడా ఉన్నాయి.

పీట మీంచి అత్తమ్మ ఇదంతా చూస్తోంది. ఫొటో వద్దనే మనిషి, మనవరాలు తన కోసం ఇంత హైరానా పడుతోందని జాలిపడిందో ఏమో, "సందూకల మీ తాత దోతి ఉన్నది సూడు" అంది.

ఎండిన వేపాకుల వాసనతో బయటికి వచ్చింది దోతి. సన్నంచు. ముప్ఫై ఏళ్ళు దాటినా చిరుగు లేదు. పాతబడి తెలుపు కాస్త వెన్నరంగుకు తిరిగింది. దండెం మీద నిలువునా పరిచి, జారకుండా రెండు బట్టల క్లిప్పులు పెట్టాం. పీటకు ఎడమవైపు, చేయి చాస్తే అందేంత దూరంలో, ఆయనే వచ్చి నిలబడ్డట్టుంది.

మా అమ్మాయి ఫ్లాషు మెడ తిప్పుతూ వాళ్ళ నానమ్మకు ఒక కథ చెప్పింది. సుబ్రత మిత్ర అని బెంగాలీ ఛాయాగ్రాహకుడు. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' సినిమా తీస్తున్నప్పుడు కాశీలోని ఇల్లు కలకత్తా స్టూడియోలో సెట్టు వేశారు. ఆ ఇళ్ళలో నడవా మీదినుంచి ఆకాశం వెలుగు మెత్తగా దిగుతుంది. స్టూడియో దీపాలతో అలాంటి వెలుగు రాదు, నాలుగు వైపులా నీడలు పడతాయి. అప్పుడాయన సెట్టు పైన తెల్లగుడ్డ ఒకటి చట్రానికి బిగించి కట్టించాడు. దీపాలన్నీ కిందపెట్టి ఆ గుడ్డ మీదికి కొట్టాడు. చూసినవాళ్ళు అది కాశీ ఆకాశమే అనుకున్నారు. సినిమా 1956లో వచ్చింది.

"కాశిల మొగులును దోతితోని చేసిండా?" అంది అత్తమ్మ. కాశీ పేరు వినగానే కొంగు మొహం మీంచి కిందికి దిగింది.

దోతికి ఆకాశమంత ఖ్యాతి రావడం ఆవిడకు నచ్చినట్టుంది. ఆ మాట మీద ఉండగానే గదిలో ఎడమవైపు మెత్తగా ఏదో వెలిగి ఆరింది. దివిటీ కాదు, మెరుపు కాదు. పక్కగదిలో ఎవరో దీపం పెట్టి తీసేసినట్టు.

"కొట్టినవా?"

"కొట్టాను నానమ్మా."

"నాకు తెల్వనే తెల్వలే!"

చూశాం. చర్మం మీద ప్రతి ముడతా ఉంది, కానీ గాటు పెట్టినట్టు లేదు. నలిగిన పట్టుచీరను చేత్తో సవరించినట్టుంది. బుగ్గ మీది పచ్చబొట్టు చుక్క కూడా కనిపిస్తోంది. కళ్ళజోడు దగ్గరికి వచ్చేసరికి నా గుండె జారింది. ఎడమ అద్దంలో సగం తెల్లగా ఉంది.

"అయ్యో, దోతే పడింది" అంది మా అమ్మాయి. మళ్ళీ క్యారమ్స్ లెక్కే. అద్దానికి ఆ వాలున దోతి ఉంటే అద్దం దోతినే చూపిస్తుంది. దండేన్ని ఇంకా పక్కకు జరిపాం. నానమ్మను గడ్డం కాస్త దించమంది. కళ్ళజోడు కాడలు చెవులమీద వెంట్రుకవాసి పైకి ఎత్తింది, అద్దాలు కిందికి వాలేటట్టు. దోతికి కొట్టి తిరిగొచ్చే వెలుగు తిన్నగా వచ్చేదానిలో నాలుగోవంతో, అంతకన్నా తక్కువో ఉంటుందట. అందుకు కెమెరాలో ఏవో అంకెలు పెంచింది. మూడోసారి తీసిన దానిలో రెండు కళ్ళూ ఉన్నాయి. కుడికంటి రెప్ప కాస్త వాలి ఉంటుంది ఆవిడకు. అది కూడా ఉంది. రెండు పాపల్లోనూ చిన్న తెల్లచుక్క.

మీలో ఎవరికైనా ఇంట్లో ఇలాంటి మొండి పెద్దవాళ్ళుంటే, మెడ తిరిగే ఫ్లాషే కొననక్కర్లేదు. సెల్‌ఫోను దీపానికి మెడ లేదు గనక దాన్ని ఆర్పేయండి. ఇంకో ఫోను టార్చి వెలిగించి, పక్కనున్నవాళ్ళ చేత తెల్లగోడకో తెల్లగుడ్డకో పట్టించండి. మొహానికి మాత్రం పట్టించకండి. కళ్ళజోడుంటే అద్దాల్లో ఏం పడుతోందో ఒక్కసారి చూసుకోండి. మేం చూసుకోక ఒక మనిషిని పోగొట్టుకున్నాం.

దీపావళికి మా అమ్మాయి ఫొటోలు కాగితం మీద వేయించి తెచ్చింది. బాగా వచ్చినదీ, మొదట పాడైపోయినదీ రెండూ ఒకే కవరులో ఉన్నాయి. అత్తమ్మ మంచి ఫొటో చూసి, "మంచిగనే వచ్చిన" అని పక్కన పెట్టేసింది. రెండోదాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుంది.

"గీ అద్దంల తెల్లగున్నది ఏంది?"

"తాత దోతి నానమ్మా. ఆ రోజు అద్దంలో పడింది. అది బాగా లేదు, పడేస్తాను."

అత్తమ్మ ఫొటోను వెలుగు వైపు తిప్పింది. కాస్త దగ్గరగా చూస్తే ఆ తెల్లటి ముక్కకు ఒక పక్కన దారమంత సన్నంచు కూడా తెలుస్తోంది.

"గిది నాకియ్యి" అంది.

మంచి ఫొటో మా ఇంట్లో సొరుగులో ఉంది. దానికి చట్రం కట్టించలేదు. రెండోది సందూకలో, దోతి మడతల మధ్య, వేపాకుల కింద పెట్టుకుంది అత్తమ్మ.